అడగందే అమ్మయినా పెట్టదు, సరే. అడగడం ఎవరికి వచ్చు?

డాక్టర్ గదిలోకి ఇద్దరు వెళ్లారనుకుందాం. ఇద్దరిదీ ఒకే జబ్బు, చేతికొచ్చిందీ ఒకే మందుల చీటీ. మొదటి మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఈ మాత్ర ఎందుకు, ఎన్నాళ్లు వాడాలి, పడకపోతే ఏం చేయాలి అని వరసగా అడుగుతాడు. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాడు. రెండో మనిషి అన్నిటికీ తలూపి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికొస్తాడు. గుమ్మం దాటాక పక్కనున్నవాళ్లని అడుగుతాడు, "ఇంతకీ ఏమన్నారు?" అని.

మొదటివాడిని చూసి చురుకైనవాడంటాం. రెండోవాడికి మొహమాటం ఎక్కువంటాం. విసుగ్గా ఉన్న రోజైతే, తెలివి తక్కువంటాం. ఏ మాట వాడినా అది అతని స్వభావం కిందే జమ కడతాం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత ఎలాగూ ఉంది. కానీ ఆ ఇద్దరినీ తొమ్మిదేళ్ల వయసులో, వాళ్ల ఇళ్లలో చూడగలిగితే, బుద్ధి అని పేరు పెట్టినదాంట్లో చాలాభాగం పుట్టుకతో వచ్చింది కాదని తెలుస్తుంది.

సరిగ్గా ఆ పనే చేశారు అమెరికా సామాజిక శాస్త్రవేత్త అనెట్ లారో. 1990లలో 88 మంది పిల్లల కుటుంబాలతో మాట్లాడారు. వాటిలో 12 కుటుంబాల ఇళ్లకు ఆమె బృందం పదేపదే వెళ్లింది. ఆటలకూ, బంధువుల ఇళ్లకూ, ఆసుపత్రికీ వాళ్ల వెంటే తిరిగి, ఇంట్లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారో రాసుకుంది. మధ్యతరగతి ఇళ్లలో పిల్లల రోజు టైమ్‌టేబుల్ ప్రకారం నడుస్తోంది. ఒక క్లాసు అయ్యాక ఇంకో క్లాసు, తిప్పడానికి అమ్మో నాన్నో. ఇంట్లో ప్రతిదానికీ చర్చ జరుగుతుంది. పెద్దలు కారణం చెబుతారు, పిల్లలు ఎదురు వాదిస్తారు, ఒక్కోసారి గెలుస్తారు కూడా. ఒక తల్లి డాక్టర్ దగ్గరికి వెళ్లే దారిలో కొడుకుకి చెబుతుంది: ఏం అడగాలో ముందే ఆలోచించుకో, ఏదైనా అడగొచ్చు, సిగ్గుపడకు. వాడు నిజంగానే అడిగాడు. డాక్టర్ మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడ్డాడు కూడా. అంత పెద్ద మనిషి తన మాట ఆగి వినడం ఆ పిల్లాడికి అప్పటికే మామూలు సంగతి.

శ్రామిక కుటుంబాల్లో, పేద కుటుంబాల్లో పెంపకం తీరు వేరు. కడుపుకి తిండి, ఒంటికి బట్ట, భద్రత, క్రమశిక్షణ పెద్దల పూచీ. వాటికే రోజంతా సరిపోయేది. మిగతా ఎదుగుదల దానంతట అదే జరుగుతుందని వాళ్ల నమ్మకం. చెప్పింది చేయాలి, వాదన పెట్టుకోకూడదు. అలాగని ఆ పిల్లలకు తక్కువైందని తేల్చేయడానికి వీల్లేదు. వాళ్ల ఆటలు వాళ్లే కనిపెట్టుకునేవారు. బంధువుల పిల్లలతో గంటలకొద్దీ గడిపేవారు. తోబుట్టువుల మధ్య కీచులాటలు మధ్యతరగతి ఇళ్లలోకన్నా తక్కువ. ఏమీ తోచడం లేదన్న ఫిర్యాదు కూడా ఆ ఇళ్లలో అంతగా లేదు. నల్లజాతివాళ్లయినా, తెల్లవాళ్లయినా పెంపకంలో పెద్ద తేడా కనిపించింది తరగతిని బట్టే అని లారో గమనించారు.

ఈ పద్ధతుల్లో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అని ఆమె మార్కులు వేయలేదు. తేడా బయటపడేది గడప దాటాకే. బడి, ఆసుపత్రి, ఆఫీసు, కోర్టు అన్నీ మొదటి రకం ఇంటి మాటతీరుకు తగ్గట్టుగా తయారై ఉన్నాయి. వాటిలోకి అడుగుపెట్టిన మధ్యతరగతి పిల్లవాడికి సొంతింట్లో ఉన్నట్టే ఉంటుంది. ఇంట్లో ఒద్దికగా ఉండమని నేర్చుకున్నవాడు అక్కడా ఒద్దికగానే ఉంటాడు. ఇంట్లో మెచ్చుకోలు తెచ్చిపెట్టిన గుణమే అక్కడ చొరవ లేకపోవడం అయి కూర్చుంటుంది.

జెస్సికా కలార్కో అనే మరో పరిశోధకురాలు ఈ సంగతిని ఒక బడిలో, తరగతి గదుల్లో కూర్చుని చూశారు. లెక్క రాకపోతే మధ్యతరగతి పిల్లలు లేచి టీచర్ దగ్గరికి వెళ్లిపోతారు, పిలుస్తారు, అవసరమైతే మాటకు అడ్డం వస్తారు. శ్రామిక కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఆ లెక్కతో తామే కుస్తీ పడతారు. లేదంటే టీచర్ అటుగా వచ్చేదాకా ఆగుతారు. టీచర్‌ని విసిగించకూడదు, నీ కష్టం నువ్వు పడాలి అని ఇంట్లో వాళ్లకు చెప్పి పంపారు. అది మర్యాద గురించి, కష్టపడటం గురించి చెప్పిన పాఠం. ఏ విలువల పట్టికలో చూసినా మంచి పాఠమే. కానీ ఆ గదుల్లో టీచర్ సాయం, సమయం అడిగినవాళ్లకే ఎక్కువ దక్కాయి. పక్షపాతం చూపాలని టీచర్ అనుకోనక్కర్లేదు. అడిగినవాళ్లకి జవాబు చెబుతూ పోతే చాలు, మిగతా పని దానంతట అదే జరిగిపోతుంది.

అడగడంలాగే, ఆగడం కూడా స్వభావం కిందే లెక్కలోకి వచ్చింది చాలాకాలం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో మొదలుపెట్టిన ప్రయోగం ప్రపంచమంతా తెలిసిందే. పిల్లవాడి ముందు ఒక మిఠాయి పెడతారు. ఇప్పుడే తింటే ఒకటే, కాసేపు ఆగితే రెండు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని తేలడంతో, నిగ్రహమే విజయ రహస్యం అనే ప్రచారం మొదలైంది. వ్యక్తిత్వ వికాసం క్లాసులవాళ్లకి ఇంతకన్నా మంచి కథ దొరకదు. అయితే ఆ మొదటి పిల్లలందరూ ఆ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని నర్సరీలో చదివినవాళ్లు. 2018లో 900 మందికి పైగా పిల్లలతో, రకరకాల కుటుంబాల నేపథ్యాలతో ఇదే పరిశీలన మళ్లీ చేశారు. కుటుంబ పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకునేసరికి ఆగడానికీ తర్వాతి చదువుకీ ఉన్న సంబంధం బాగా పల్చబడిపోయింది.

దీనికన్నా ఆసక్తికరమైనది 2013లో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన చిన్న ప్రయోగం. ఇళ్లు లేని కుటుంబాల షెల్టర్‌లో పనిచేసిన రోజుల్లో ఆమెకు ఒక అనుమానం వచ్చింది. ఇక్కడి పిల్లలైతే మిఠాయి వెంటనే తినేస్తారు, అందులో తప్పేముంది అని. ఆ ఊహను పరీక్షించడానికి 28 మంది చిన్న పిల్లల్ని రెండు గుంపులు చేశారు. మిఠాయి ఆట మొదలుకాకముందే, బొమ్మలు వేసుకోవడానికి మంచి రంగులు తెచ్చిస్తామని రెండు గుంపులకీ మాటిచ్చారు. ఒక గుంపుకి తెచ్చిచ్చారు. రెండో గుంపు దగ్గరికి ఒట్టి చేతులతో వచ్చి, క్షమించమని చెప్పారు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న గుంపులో పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన గుంపు మూడు నిమిషాలే ఆగింది. పూర్తిగా 15 నిమిషాలు ఆగినవాళ్లు మొదటి గుంపులో 14 మందికి 9 మంది, రెండో గుంపులో ఒక్కరు.

అరగంటలోపు దొరికిన అనుభవం పిల్లల నిగ్రహాన్ని అంతగా మార్చేస్తే, పదేళ్ల అనుభవం సంగతి ఊహించుకోవచ్చు. రేపు ఇస్తామన్నది రేపు దొరుకుతుందని ఎప్పుడూ నమ్మకం లేని ఇంట్లో, చేతిలో ఉన్నది ఇప్పుడే వాడుకోవడం తొందరపాటు అనిపించుకోదు. అక్కడ అదే లోకజ్ఞానం. దాచుకున్న డబ్బు ఏదో ఒక ఆపదకి పోతుందని పదిసార్లు చూసిన మనిషికి పొదుపు గురించి ఉపన్యాసం చెబితే, మర్యాదగా తలూపుతాడు. అంతే. ఆ అలవాటు ఒకప్పుడు సరైన లెక్కే. చిక్కంతా పరిస్థితి మారాక కూడా లెక్క మారకపోవడంలో ఉంది.

లేమి ఆలోచనను ఎలా ఆక్రమిస్తుందో చూపే పరిశోధన ఒకటి తమిళనాడు చెరకు రైతులతో జరిగింది. 464 మంది రైతుల్ని కోతకు ముందు, డబ్బు బిగువుగా ఉన్న రోజుల్లో పరీక్షించారు. కోత అయి డబ్బు చేతికొచ్చాక మళ్లీ పరీక్షించారు. 2013లో వచ్చిన ఫలితం ఇది: కోతకు ముందు అదే మనిషి తర్కానికి, ఏకాగ్రతకు సంబంధించిన పరీక్షల్లో వెనకబడ్డాడు. పేదవాడినీ ధనికుణ్ణీ పోల్చితే సందేహాలు వంద వస్తాయి. ఇక్కడ మనిషి ఒక్కడే, మారింది జేబు. అప్పు గురించిన టెన్షన్ బుర్రలో సగం చోటు ఆక్రమించినప్పుడు మిగతా సగంతో చేసే పనులే బయటివాళ్లకి కనిపిస్తాయి. వాటిని చూసి అతని తెలివికి వెల కడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తరగతికీ పెంపకానికీ ముడిపెట్టే ప్రతి అంకెనూ కళ్లకద్దుకోకూడదు. పేద ఇళ్ల పిల్లలు నాలుగేళ్లు వచ్చేసరికి మూడు కోట్ల మాటలు తక్కువ వింటారన్న లెక్క ఒకటి 1995 నుంచి తెగ తిరుగుతోంది. దానికి ఆధారం 42 కుటుంబాల పరిశీలన. తర్వాత వచ్చిన పరిశోధకులు ఇంట్లో తల్లి మాటలతో పాటు పిల్లల చుట్టూ ఉన్న మిగతావాళ్ల మాటలు కూడా లెక్కపెట్టేసరికి ఆ అంతరం అలా నిలబడలేదు. పేదవాళ్ల ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని అనుకోగలిగినవాళ్లు అలాంటి ఇంట్లో ఒక పూట గడిపి ఉండరు.

జన్యువుల మాటేమిటి అని అడిగేవాళ్లుంటారు, అడగాల్సిందే. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం కవల పిల్లల మీద చేసిన అధ్యయనంలో విచిత్రమైన ఫలితం వచ్చింది. సంపన్న కుటుంబాల్లో తెలివితేటల తేడాలు ఎక్కువగా జన్యువులతో ముడిపడి ఉన్నాయి. బాగా పేద కుటుంబాల్లో జన్యువుల వాటా దాదాపు సున్నా, పరిసరాలదే పైచేయి. నేల బాగుంటే విత్తనాల మధ్య తేడా తెలుస్తుంది, నేలే బీడైతే అన్నీ ఒకేలా గిడసబారతాయి. ఈ తేడా అమెరికాలో కనిపించినంతగా పశ్చిమ యూరప్, ఆస్ట్రేలియా అధ్యయనాల్లో కనిపించలేదు. కాబట్టి దీన్ని ప్రకృతి నియమం అనడం కన్నా, ఏ సమాజం తన పేదవాళ్లని ఎంత కిందికి జారనిస్తుందన్నదాని కొలత అనుకోవడం సబబు.

అలవాట్ల గురించి మాట్లాడుతూ అభిరుచి సంగతి వదిలేయలేం. ఏ పాట నచ్చుతుంది, గోడకి ఏ బొమ్మ తగిలిస్తాం, నలుగురిలో ఎంత గట్టిగా నవ్వుతాం, ఇవన్నీ పూర్తిగా మన ఇష్టమే అనుకుంటాం. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్డ్యూ 1960లలో జరిపిన సర్వేల ఆధారంగా 1979లో తేల్చిందేమిటంటే, ఈ ఇష్టాలు మనిషి పుట్టిన తరగతిని బట్టి, చదువును బట్టి గుంపులు గుంపులుగా చేరతాయి. చిన్నప్పటి పరిస్థితులు ఒంట్లోకి ఇంకిపోయి, ఆలోచించకుండానే చేసే పనులుగా బయటికొస్తాయి. దీనికి ఆయన వాడిన పేరు హాబిటస్. నడక, మాట, కూర్చునే తీరు అన్నీ అందులో భాగమే. పై తరగతివాళ్ల అభిరుచి సంస్కారం అనిపించుకుంటుంది, కింది తరగతివాళ్లది మోటుదనం అవుతుంది. సంస్కారం అనే మాట ఎవరి గురించి వాడతామో, ఎవరి గురించి వాడమో ఒక వారం పాటు గమనించుకుంటే బోర్డ్యూని చదవకపోయినా ఫరవాలేదు.

ఆయన దీన్ని లైబ్రరీలో కూర్చుని కనిపెట్టలేదు. నైరుతి ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో, రైతు కుటుంబం నుంచి వచ్చి పోస్టాఫీసులో పనిచేసిన తండ్రికి పుట్టాడు. హాస్టల్లో ఉండి చదువుకుని, పారిస్‌లోని అత్యున్నత విద్యాసంస్థకు చేరాడు. చివరికి ఆ దేశంలో ఒక పండితుడికి దక్కగల గొప్ప పీఠాల్లో ఒకటి దక్కింది. అయినా తనలో రెండుగా చీలిన మనిషి ఉన్నాడని ఆయనే రాసుకున్నాడు. పుట్టిన చోట పరాయివాడు, చేరిన చోటా పరాయివాడే.

మెట్లెక్కినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ విజయగాథే చెబుతారు, ఈ చీలిక గురించి చెప్పేది తక్కువ. డబ్బు మారడానికి ఒక ఉద్యోగం చాలు. ఒంటికి పట్టిన లెక్కలు మారడానికి చాలా కాలం పడుతుంది. బాగా సంపాదిస్తున్నా ఖాళీ డబ్బా పారేయలేని మనిషి, కొన్న మంచి చొక్కాని మంచి రోజు కోసం దాచి దాచి బిగుతైపోయేదాకా ఉంచే మనిషి, మీటింగ్‌లో తన వంతు వచ్చేదాకా ఆగి ఆగి చివరికి మాట్లాడకుండానే లేచిపోయే మనిషి ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఇంటికెళ్తే అక్కడ ఇంకో ఇబ్బంది. కొత్తగా నేర్చుకున్న మాటతీరు విని సొంతవాళ్లే "పెద్దవాడైపోయాడు" అంటారు. అందులో గర్వం ఎంతో, దెప్పిపొడుపు ఎంతో విడదీయడం కష్టం. పై తరగతిలో పుట్టినవాళ్లకి ఈ రెండు భాషల బరువు ఉండదు. వాళ్ల ధీమాలో ఎక్కువ భాగం అక్కడే ఉంది, మనం మాత్రం దాన్ని ప్రతిభ అనుకుంటాం.

తరగతి ప్రభావం అలవాట్లతోనే ఆగదు, ఆయుష్షు దాకా వెళ్తుంది. లండన్‌లో 1967లో సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగుల మీద ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. అందరూ మగవాళ్లు, అందరికీ స్థిరమైన ఉద్యోగం, ఆఫీసు పని, ఎవరూ కటిక పేదలు కారు. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్ల మరణాల రేటు పైహోదావాళ్లకన్నా దాదాపు మూడు రెట్లు తేలింది. అంతకన్నా ఆలోచింపజేసేది, ఇది రెండు గుంపుల మధ్య తేడా కాకపోవడం. హోదా ఒక్కో మెట్టు దిగేకొద్దీ ప్రమాదం ఒక్కో మెట్టు పెరిగింది. పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ లాంటివి లెక్కేసినా ఆ తేడాలో సగం కూడా తీరలేదు. తర్వాత మైకేల్ మార్మట్ నడిపిన రెండో విడత పరిశోధన, చేసే పని మీద మనిషికి ఎంత పట్టు ఉందన్నది గుండెజబ్బుతో ముడిపడి ఉందని చూపింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో, ఏ పని ముందు చేయాలో అన్నీ వేరేవాళ్లు చెప్పే బతుకు ఒంటికీ తెలుస్తుందన్నమాట.

ఇదంతా విని ఇక మారేదేమీ లేదని అనుకుంటే, మళ్లీ పుడకల సామెత దగ్గరికే వచ్చినట్టు. పరిస్థితి మారితే అలవాటు ఎంత కదులుతుందో చూపిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఏటా గమనిస్తున్న సమయంలో, అక్కడి చెరోకీ ఆదివాసీ తెగ సొంత క్యాసినో తెరిచింది. ఆ లాభంలో వాటా తెగలోని ప్రతి కుటుంబానికీ వెళ్లింది. ఎవరూ ఎవరికీ పెంపకం మీద క్లాసులు చెప్పలేదు, డబ్బు మాత్రం వచ్చింది. పేదరికం నుంచి బయటపడ్డ కుటుంబాల పిల్లల్లో మొండితనం, దురుసుతనం లాంటి ప్రవర్తన సమస్యలు తగ్గి, ఎప్పుడూ పేదలు కాని పిల్లల స్థాయికి వచ్చాయి. కారణం వెతికితే, తల్లిదండ్రులకు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే వీలు పెరగడమే ముఖ్యంగా కనిపించింది. అంతకుముందు ఆ పిల్లల్ని చూసి పెంపకం బాగాలేదని అన్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లు చూసింది పెంపకాన్నే, కాకపోతే తీరికలేని పెంపకాన్ని. ఆందోళన, దిగులు మాత్రం ఆ డబ్బుతో అలా తగ్గలేదు. అవి వేరే చోట వేళ్లూనుకుని ఉన్నాయి.

చుట్టూ ఎవరున్నారన్నది కూడా తక్కువ విషయం కాదు. 2022లో అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త రాజ్ చెట్టి బృందం ఫేస్‌బుక్‌లోని 2,100 కోట్ల స్నేహాల సమాచారాన్ని విశ్లేషించింది. పేద పిల్లలు పెద్దయ్యాక ఎంత సంపాదిస్తారన్నదానితో గట్టిగా ముడిపడి ఉన్నది, ఆ ప్రాంతంలో లేనివాళ్లకీ ఉన్నవాళ్లకీ మధ్య స్నేహాలు ఎన్ని ఉన్నాయన్న సంగతి. ఇది సిఫారసుల సంగతి మాత్రమే అనుకోనక్కర్లేదు. ఫలానా చదువు ఉందని, ఫలానా ఫారం నింపాలని, ఫలానా చోట అడిగితే తప్పులేదని తెలియడం కూడా స్నేహితుడి ఇంట్లో కూర్చుంటేనే జరుగుతుంది.

అదే దేశంలో 1994లో మొదలైన ఇంకో ప్రయోగం దీన్ని నేరుగా పరీక్షించింది. ఐదు పెద్ద నగరాల్లో, బాగా పేద పేటల్లో ఉంటున్న సుమారు 4,600 కుటుంబాలను ఎంచుకుని లాటరీ వేశారు. గెలిచినవాళ్లలో ఒక గుంపుకి పేదరికం తక్కువున్న చోటికి ఇల్లు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. కొన్నేళ్ల తర్వాత పెద్దవాళ్ల జీతాలు చూస్తే ఏమీ మారలేదు. ప్రయోగం తేలిపోయిందని చాలామంది అనుకున్నారు. పిల్లలు పెరిగి సంపాదన మొదలుపెట్టేదాకా ఆగి చూస్తే సంగతి వేరుగా ఉంది. 13 ఏళ్ల లోపు ఇల్లు మారినవాళ్లు ఇరవైల మధ్యలో, మారనివాళ్లకన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. అంతకన్నా పెద్ద వయసులో మారినవాళ్లకి లాభం లేకపోగా కాస్త నష్టమే కనిపించింది. స్నేహాలు తెగిపోవడం, కొత్త చోట ఇమడలేకపోవడం కారణం కావచ్చు. మంచి పరిసరాల్లో గడిపిన ఏళ్లు ఎన్నయితే, లాభం అంత.

ఆ తల్లుల జీతాలు పెరగలేదు గానీ, వాళ్లలో షుగర్ జబ్బు, మితిమీరిన ఊబకాయం తగ్గాయి. మనసు కుదుటపడిందని కూడా చెప్పారు. అసలు అప్లికేషన్ పెట్టిన రోజున ఎక్కువమంది రాసిన ముఖ్య కారణం మంచి జీతం కాదు. గ్యాంగులకీ డ్రగ్స్‌కీ దూరంగా పోవాలనే. ఆ లెక్కన వాళ్లు అడిగింది వాళ్లకు దొరికింది. పిల్లల సంపాదన సంగతి బయటికొచ్చేసరికి 2015 వచ్చింది, ఆ పిల్లల్లో చాలామంది అప్పటికే సొంత ఇల్లు చూసుకునే వయసులో ఉన్నారు.